కొత్త అమావాస్య

కాలమునకు ఆదియు లేదు, అంతమును లేదు. ఏటి నీటివలె అది ఎడతెగక ప్రవహించుచునే యుండును. అయినను మనుజుడు తన సౌకర్యమునకై దానిని దినములుగను, మాసములుగను, సంవత్సరములుగను విభజించుకొనెను. ఒక సంవత్సరము ముగిసి వేరొకటి ఆరంభమగు వేళ ఒక్క క్షణము నిలిచి వెనుకకు చూచుట మానవస్వభావము. ఏమి పోయినది? ఏమి మిగిలినది? ముందేమి రానున్నది? ఈ మూడు ప్రశ్నలును ప్రతి సంవత్సరాంతమునందును, ప్రతి యింటను, ఏదో యొక రీతిగా వినవచ్చుచునే యుండును.

తెలుగువారి సంవత్సరము ఫాల్గుణ బహుళ అమావాస్యతో ముగియును. మరునాడు చైత్ర శుద్ధ పాడ్యమి, అదియే ఉగాది. ఇందొక విశేషము కలదు. ఏడాదికి కడపటి దినమైన ఆ అమావాస్యను జనులు పాత అమావాస్య యనరు. కొత్త అమావాస్య యందురు. ముగియుచున్న దినమునకే కొత్త యను పేరు పెట్టుటలో ఎంతటి ఆశ దాగియున్నదో ఆలోచింపదగును. అనకాపల్లిలో నూకాంబిక అమ్మవారి జాతర ఈ దినముననే ఆరంభమై నెలదినములు జరుగును. సుదూరమున హిందూమహాసముద్రములో నున్న మారిషసు ద్వీపమునకు పూర్వము చెరకుతోటలలో పనిచేయుటకై వెళ్లిన తెలుగువారి సంతతివారు నేటికిని ఉగాది పండుగను జరుపుకొనుచున్నారు. అచ్చట అది ప్రభుత్వపు సెలవు దినము.

చంద్రుని గమనమునుబట్టి లెక్కించు పండ్రెండు మాసములకు సుమారు 354 దినములగును. సూర్యుని గమనమునుబట్టి యేర్పడు సంవత్సరమునకు 365 దినములకు పైగా పట్టును. ఏటేట కలుగు పదునొకండు దినముల భేదమును సవరించుటకై సుమారు ముప్పదిరెండు, ముప్పదిమూడు నెలల కొకమారు అధికమాసము వచ్చును. 2023 మార్చి 22వ తేదీన ఆరంభమైన శోభకృత్ నామ సంవత్సరమునందు శ్రావణమాసము రెండుమారులు వచ్చినది. అందుచే ఆ సంవత్సరము 384 దినములు సాగి, 2024 ఏప్రిల్ 8వ తేదీన ముగిసినది. దాని వెనుక వచ్చిన క్రోధి సంవత్సరము 355 దినములకే ముగిసినది. ప్రభవ మొదలుకొని అక్షయ వరకు ఇట్టి సంవత్సరములు అరువది. పుట్టిన సంవత్సరపు పేరు మరల వచ్చునప్పటికి మనుజునకు అరువది యేండ్లు నిండును.

సంవత్సరాంతమున లెక్కలు చూచుకొనుట సర్వత్ర కానవచ్చు ఆచారము. మన దేశమున ప్రభుత్వపు ఆదాయవ్యయముల లెక్కలు మార్చి 31వ తేదీన ముగియును. వంగదేశపు వర్తకులు తమ వైశాఖ సంవత్సరాది నాడు పాత బాకీలు తీర్పించుకొని, కొత్త ఖాతాపుస్తకము తెరచి, ఖాతాదారులకు మిఠాయిలు పంచిపెట్టుదురు. జపాను దేశస్థులు డిసెంబరు నెలలో ఇల్లంతయు కడిగి శుభ్రపరచుకొందురు. నెల కడపటి రాత్రి అచ్చటి బౌద్ధాలయములలో నూట యెనిమిది మారులు గంట మ్రోగింతురు. అయితే లెక్కల పుస్తకములో ఏమి వ్రాయవలెను? ఏది ఆదాయము? ఏది వ్యయము? ఈ విషయమును విశదపరచుటకు ఒక రైతుకుటుంబమును ఉదాహరణముగా గ్రహింపవచ్చును.

బాపట్ల జిల్లాలో సముద్రతీరమునకు చేరువనున్న యొక పల్లెలో ఆ కుటుంబము నివసించుచుండెను. ఆ యింట తాత, నానమ్మ, వారి కుమారుడు, కోడలు, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు ఉండిరి. మనుమడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచుండెను. వారికి మూడెకరముల మాగాణి కలదు.

శోభకృత్ అనగా శోభను కలిగించునది. కాని పేరుకు తగిన శోభ వారి పొలమునకు ఆ యేడు కలుగలేదు. శ్రావణము రెండుమారులు వచ్చెను గాని వాన సరిగా రాలేదు. 2023 ఆగస్టు నెలలో దేశమున కురిసిన వాన 1901 తరువాత ఏ ఆగస్టులోనైనను కురిసిన దానికంటె తక్కువ. కాలువనీటికై రాత్రులు మేలుకొని కాపు కాచి, ఆలస్యముగా నాట్లు వేసి, ఎట్లో పైరును పండించిరి. కార్తికము వచ్చుసరికి చేను బంగారువలె నుండెను. కోత ముగిసి పనలు పొలములో నుండగా, డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. పనలు నీట మునిగి గింజలు మొలకెత్తెను. వరికోతకు ముందు చల్లిన మినుము కుళ్లిపోయెను. నీరు తీసిన పిమ్మట ఆ నేలలోనే జొన్న వేసిరి. ఫాల్గుణము నాటికి జొన్నకంకులు గట్టిపడుచుండెను.

కాముని పున్నమ వెళ్లినది మొదలుకొని ఆ యింట పనులు ముమ్మరమయ్యెను. తండ్రి గోడలకు సున్నము వేసెను. తల్లి అటకమీది యిత్తడి పాత్రలను దింపి చింతపండుతో తోమి ఎండలో బోర్లించెను. నానమ్మ అరుగుమీద కూర్చుండి కొత్త చింతపండు గింజ తీసి, పీచు తీసి, ఉప్పు కలిపి కుండలకెత్తెను. ఒంటిపూట బడినుండి వచ్చిన మనుమరాలికి డాబామీద ఎండబెట్టిన గుమ్మడి వడియములకు కావలి కాయు పని అప్పగింపబడెను. కర్ర చేతబట్టి కాకులను తోలుచు, మధ్యమధ్య ఒక పచ్చి వడియమును నోట వేసికొనుచు, ఆమె ఆ పనిని శ్రద్ధతో నెరవేర్చెను. వడియములు లెక్కకు తగ్గుచున్నవని నానమ్మకు తెలియకపోలేదు. "ఈ యేడు కాకులు మా చెడ్డ తెలివిమీరినవి," అని మాత్రము ఆమె పలికెను.

కొత్త అమావాస్య నాటి మధ్యాహ్నము ఆ యింట నొక చిన్న ఆచారము కలదు. ఆవకాయ జాడీ అప్పటికి అడుగంటియుండును. నానమ్మ జాడీలో వేడి అన్నము వేసి, అడుగున మిగిలిన పిండియు నూనెయు అంటునట్లు కలిపి, అందరి చేతులలో ఒక్కొక్క ముద్ద పెట్టును. పిమ్మట జాడీని కడిగి ఎండలో పెట్టుదురు. కొన్ని వారములలో కొత్తకాయ వచ్చును. జాడీ మరల నిండును. అంతవరకు నోరు ఊరుటయే ఆనందము. "ఏడాది పొడుగునా తిన్న ఆవకాయకంటె ఈ ముద్ద రుచి యెక్కువ," అని తాత ప్రతి సంవత్సరము అనును. ఆ సంవత్సరమును అట్లే అనెను.

సాయంకాలము తాత పద్దుల పుస్తకము తీసి దీపముక్రింద కూర్చుండెను. విత్తనములు, ఎరువులు, నాట్లకూలి, కోతకూలి, బ్యాంకు అప్పుపై వడ్డీ, ఒక్కొక్కటిగా చదువుచుండగా మనుమరాలు కూడికలు చేసెను. ఆదాయపు వైపున తడిసిన ధాన్యమునకు వచ్చిన తక్కువ ధర, కొంత పాలడబ్బు, మనుమడు పంపిన సొమ్ము మాత్రమే యుండెను. పెట్టుబడిలో సగమైనను తిరిగి రాలేదు. బాలిక కలము క్రింద పెట్టి, "తాతయ్యా, ఇది చెడ్డ సంవత్సరము. ఎందుకు దీనికి పిండివంటలు చేసి వీడ్కోలు చెప్పవలెను?" అని యడిగెను.

తాత వెంటనే బదులు పలుకలేదు. లేచి లోనికి పోయి, పెట్టెలోనుండి గుడ్డలో చుట్టియున్న మరియొక పుస్తకమును తెచ్చెను. దాని అట్ట ఊడిపోయినది, కాగితములు పసుపుపచ్చనైనవి.

"అమ్మడూ, నేను పుట్టినది దివిసీమలో. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఇరువదిమూడేండ్లు. ఇప్పటివలె రెండుమూడు దినములు ముందుగా ఇల్లిల్లు తిరిగి హెచ్చరించువారు లేరు. దాగుకొనుటకు తుపాను భవనములు లేవు. సముద్రము ఊళ్లమీదికి వచ్చినది. దాదాపు పదివేలమంది మరణించిరని తరువాత లెక్క చెప్పిరి. మా యింట ఆరుగురము. నా తల్లియు, చిన్న చెల్లెలును పోయిరి. ఇల్లు, గొడ్డు, గింజ, ఏదియు మిగులలేదు. మా మేనమామ వచ్చి మమ్ము ఈ యూరికి తీసికొనివచ్చెను. ఆ యేటి పద్దుల పుస్తకము నీటిపాలయ్యెను. సంవత్సరాంతమున మా నాయన ఈ పుస్తకము కొని, కొత్త అమావాస్య నాడు మొదటి పుటలో వ్రాసినది చదువుము," అనెను.

బాలిక దీపమునకు దగ్గరగా పుస్తకము పట్టుకొని చదివెను. మూడే పంక్తులు. పింగళ నామ సంవత్సరపు లెక్క లేదు. మిగిలినవారము నలుగురము. కాళయుక్తి నామ సంవత్సరమునకు వరి విత్తనములు రెండు బస్తాలు.

ఆమె చాలసేపు ఆ పుటనే చూచుచుండెను. "తాతయ్యా, అప్పుడు ఉగాది పండుగ చేసికొంటిరా?" అని మెల్లగా అడిగెను.

"పిండివంటలు చేయలేదు తల్లీ. పచ్చడి మాత్రము మా మేనత్త చేసినది. ఆ పచ్చడి నాకు చేదుగనే యుండెను. మరునాడు నాయన విత్తనపు బస్తా విప్పి గింజలు చేతిలో పోసికొని చూచెను. అప్పుడు ఈ ఇంటికి ఇంకొక ఏడు కలదని నాకు తోచినది," అని తాత బదులు చెప్పెను.

కొంతసేపటికి ఆయన మరల, "డిసెంబరు తుపానుకు మనము ఎచ్చట నుంటిమి?" అని ప్రశ్నించెను.

"తుపాను భవనములో. ఊరందరమును అచ్చటనే యుంటిమి."

"మన యూర ఎవరైన పోయిరా?"

"ఎవరును పోలేదు."

"అది ఈ పుస్తకములో ఎక్కడనైన వ్రాసితివా?"

బాలిక తల అడ్డముగా ఊపెను. పిదప ఒక తెల్లకాగితము తీసికొని, నడుమ గీత గీసి, పద్దులకెక్కని వానిని వ్రాయ మొదలుపెట్టెను. గేదె ఈనిన మొదటి దినమున జున్ను కాచి ఇరుగుపొరుగు ఏడిండ్లకు పంచుట. ఎండిన ఆగస్టు వెనుక మొదటి పెద్దవాన రాత్రి రేకుల కప్పుమీద చప్పుడు విని ఇంటిల్లిపాదియు మేలుకొని వాకిట నిలుచుట. తుపాను భవనములో నానమ్మ పెద్ద గుండిగలో ఉప్మా చేసి ఊరివారికందరికి వడ్డించుట. గట్టు తగవువలన మూడేండ్లుగా మాటలు లేని పొరుగురైతు పిలువకయే వచ్చి, తడిసిన పనలను తిరగవేయుట. ధనుర్మాసపు తెల్లవారుజామున మంచులో ముగ్గులు వేసి గొబ్బెమ్మలు పెట్టుట. సంక్రాంతికి అన్న వచ్చు బస్సుకై రోడ్డుమీద గంటసేపు వేచియుండుట. బస్సు దిగినప్పుడు అతని చేతిలో తనకై తెచ్చిన జ్యామితి పెట్టె యుండుట. కాగితము ఒకవైపు నిండిపోయి రెండవవైపునకు తిరుగవలసి వచ్చెను.

గీతకు కుడివైపున ఆమె పోయినవానిని గూడ వ్రాసెను. ధాన్యము, మినుము, నానమ్మ చెవి దుద్దులు. విత్తనము కొనుటకై ఆ దుద్దులు కుదువబెట్టబడినవని ఇంట ఎవరును ఆమెకు చెప్పలేదు. అయినను ఆమెకు తెలియును.

తాత ఆ కాగితమును చదివి కడపట వ్రాసిన మాట దగ్గర ఆగెను. "తల్లీ, ఎడమవైపున నీవు వ్రాసినవి కుడివైపున నున్న అప్పును తీర్చవు. జొన్న అమ్మవలెను, పాలు పోయవలెను, వడ్డీ కట్టవలెను. దుద్దులు విడిపించుట నా బాధ్యత. కాని ఎడమవైపు వ్రాయక కుడివైపే వ్రాసినచో అది తప్పుడు లెక్క యగును. తప్పుడు లెక్కను నమ్మినవాడు వ్యవసాయము మానుకొనును," అనెను.

పిమ్మట కలము తీసికొని ఆ సంవత్సరపు పద్దుల క్రింద తాను స్వయముగా రెండు పంక్తులు వ్రాసెను. మిగిలినవారము ఆరుగురము. క్రోధి నామ సంవత్సరమునకు వరి విత్తనములు మూడు బస్తాలు.

ఆ మూడు బస్తాలు పొరుగురైతు ఇచ్చినవి. అతడు తుపానుకు ముందే కోసి నూర్చిన ధాన్యమునుండి వానిని బదులుగా ఇచ్చెను. ధర అడుగలేదు, పంట వచ్చిన పిదప గింజకు గింజ ఇమ్మనెను. గట్టు మాట ఇరువురును ఎత్తలేదు. తుపానుకు ఆ గట్టు కొట్టుకొనిపోయినది; దానిని మరల కలిసియే వేసికొనవలసి యున్నది.

మరునాడు ఉగాది. తెల్లవారకముందే బాలిక తలంటుకొని వేపచెట్టు క్రిందికి పోయెను. రాత్రి రాలిన పూత చాపమీద తెల్లగా పరచుకొని యుండెను. పెరటి మామిడి కాయ, నానమ్మ గింజ తీసిన కొత్త చింతపండు, కొత్త బెల్లము, ఉప్పు, మిరపకారము సిద్ధముగా నుండెను. తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు అను ఆరు రుచులును అందు చేరెను. తెలంగాణమున ఈ పచ్చడిని కొత్తకుండలో పలుచగా కలిపి త్రాగుదురు. కన్నడదేశమున వేపపూవును బెల్లమును కలిపి తిందురు. రీతులు వేరైనను చేదును విడిచిపెట్టువారు ఎచ్చటను లేరు. చిన్ననాటినుండి వేపపూవును నాలుకకు తగులకుండ మ్రింగు నేర్పు ఆ బాలికకు కలదు. ఆ యేడు మాత్రము నెమ్మదిగా నమిలి మ్రింగెను. నానమ్మ చూచి ఏమియు అనలేదు.

సాయంకాలము రామాలయమున పంచాంగశ్రవణము జరిగినది. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను ఐదు అంగములు గలది గనుక అది పంచాంగమైనది. పురోహితుడు వాన లెట్లుండునో, పంట లెట్లుండునో చదివి, పిదప ఒక్కొక్క రాశికి ఆదాయమెంతయో, వ్యయమెంతయో వినిపించెను. నమ్మువారు నమ్మిరి, నమ్మనివారు నవ్విరి, ఇరువురును కడవరకు కూర్చుండి వినిరి. తాత రాశికి ఆదాయముకంటె వ్యయమే అధికమని చెప్పగా అందరును ఆయన వైపు చూచిరి. "ఆ పుస్తకములో ఒకవైపే వ్రాసియుందురు," అని ఆయన మనుమరాలితో మెల్లగా అనెను. ఆమె నవ్వు ఆపుకొనలేకపోయెను.

ఈ కుటుంబమునకు కలిగిన నష్టము స్వల్పమైనది కాదు. కలిగిన సంతోషములు ఎవరును చెప్పుకొనదగినంత గొప్పవియు కావు. జున్ను, వానచప్పుడు, ఆవకాయ ముద్ద, బస్సుకై వేచియుండుట, ఇవి ప్రతి యింటను ఉండునవే. ప్రతిదినము ఉండుటచేతనే ఇవి లెక్కకు రావు. లెక్కకు రానందున మరపునకు వచ్చును. సంవత్సరాంతమున పెద్దలు ఏర్పరచిన ఆచారములు వీనిని మరల కంటికి చూపించును. అటక దింపిన పాత్ర, కడిగిన జాడీ, గింజ తీసిన చింతపండు, ఇవి యన్నియు గడచిన యేటికి వీడ్కోలు మాత్రమే కాక రాబోవు యేటికి చేసిన ఏర్పాటులు కూడ. చేతులు ముడుచుకొని ఎదురుచూచువానికి ఆశ భారమగును. విత్తనము దాచి, జాడీ కడిగి, గట్టు వేసికొని ఎదురుచూచువానికి అదే ఆశ బలమగును.

కావున విద్యార్థులు సంవత్సరము ముగియువేళ ఒక కాగితము తీసికొని, నడుమ గీత గీసి, రెండువైపులను నిజాయితీతో నింపి చూచుకొనుట మేలు. పోయినదానిని దాచిపెట్టరాదు, ఉన్నదానిని విడిచిపెట్టరాదు. చివర తమ యింట మిగిలినవారి సంఖ్యయు, మరుసటి యేటికై తాము సిద్ధపరచిన విత్తనమును వ్రాసికొనవలెను. రైతునకు విత్తనము ధాన్యము. విద్యార్థికి అది చదువు.

ప్రశ్నలు

1. ఫాల్గుణ బహుళ అమావాస్యకు కొత్త అమావాస్య యను పేరు ఎట్లు తగియున్నది?
2. శోభకృత్ నామ సంవత్సరము 384 దినములు సాగుటకు కారణమేమి?
3. 1977 నాటి ఉప్పెనకును, 2023 నాటి తుపానుకును మధ్య తాత చూపిన భేదమెట్టిది?
4. 'తప్పుడు లెక్క' అని తాత దేనిని అనెను? ఆ మాటను మీరు అంగీకరింతురా?
5. మీ యింట సంవత్సరాంతమున జరుగు ఒక ఆచారమును గూర్చి పది పంక్తులు వ్రాయుడు.